మహారాజశ్రీ రబ్బరు వల గారికి

మహారాజశ్రీ రబ్బరు చేపవల గారి సముఖానికి, డాలస్ శివార్ల నుంచి మీ యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు గరాజ్‌లో మేకుకు వేలాడుతూ క్షేమంగా ఉన్నారని రోజూ కారు దిగేటప్పుడు చూస్తూనే ఉన్నాను. మీ నుంచి తప్పించుకున్న ఆ చేప కూడా లేక్ ఫోర్క్ చెరువులో ఏ మూలో క్షేమంగానే ఉండుంటుంది. క్షేమంగా లేనిది నేనొక్కడినే.

మిమ్మల్ని ఎంచుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఈ ఇల్లు కొనేటప్పుడు రెండుసార్లే చూశాం. మీ విషయంలో మాత్రం చట్రం ఎంత వెడల్పు, సంచి ఎంత లోతు, పిడి ఎంత పొడవు, కన్ను ఎంత సైజు అని రాత్రి పన్నెండు దాకా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ ఒకటే మాట అంది: "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం."

అలా అనడానికి ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. మీకంటే ముందు ఈ గరాజ్‌లో ముగ్గురు కాపురం చేసి వెళ్ళారు.

మొదటిది పన్నెండు డాలర్ల ఆకుపచ్చ నైలాను వల. ప్రతి కన్నుకూ ముడి. నేను వాడే ఎర క్రాంక్‌బైట్, అంటే ప్లాస్టిక్‌తో చేసిన ఉత్తుత్తి చేప. దాని పొట్ట కింద ఒక గాలం, తోక దగ్గర ఇంకొకటి. ఒక్కో గాలానికి మూడు కొక్కేల లెక్కన మొత్తం ఆరు ముళ్ళు. రెండు పౌండ్ల బాస్ (ఇక్కడివాళ్ళు సరదాకి గాలం వేసి పట్టే చేప) ఒకటి ఆ వలలో పడి రెండు పొర్లు పొర్లింది, అంతే. తుమ్మకంపలో పడ్డ ధోవతిలా అయిపోయింది వ్యవహారం. ఒక ముల్లు తీస్తే రెండు గుచ్చుకుంటాయి. చివరికి కత్తెర తెచ్చి వలనే కోశాను. అప్పటికి చేప తోక రెక్క తాటాకు విసనకర్ర అంచులా చీలికలు పీలికలైంది. నీళ్ళలో వదిలితే కాసేపు పక్కకు ఒరిగి తేలి, తర్వాత నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

రెండోది గట్టు మీద నుంచి వాడటానికి కొన్న సాగే పిడి వల. ఎనిమిది అడుగులు సాగుతుందని రాశారు. ఇంట్లో హాల్లో సాగింది. చెరువు దగ్గర బటన్‌లో ఇసుక దూరి సాగలేదు. దాన్ని ఎలాగో లాగి, చేపను లోపల వేసి, గరిటె ఎత్తినట్టు ఎత్తాను. అల్యూమినియం గొట్టం మధ్యలో వంగి దండం పెట్టింది. అలా ఎత్తకూడదట. చేప పడ్డాక పిడిని వెనక్కి లాక్కుని, చట్రం పట్టుకుని తీయాలట. ఈ "అట"లన్నీ నాకు గొట్టం వంగాకే తెలుస్తాయి.

మూడోదాని గురించి ఎక్కువ చెప్పను. చెక్క చట్రం, తోలు తాడు, చూడముచ్చటగా ఉండేది. ట్రౌట్ చేపల కోసం చేసిందని కొన్నాక తెలిసింది. పద్దెనిమిది అంగుళాల బాస్‌ను అందులో ఎత్తడమంటే జల్లిగరిటెతో సొరకాయ ఎత్తడమే.

అప్పుడు వచ్చారు మీరు, తొంభై డాలర్లకు పది సెంట్లు తక్కువలో. ముడుల్లేని అల్లిక, దాని మీద రబ్బరు పూత, అడుగు సమంగా పరుచుకునే సంచి, మడత పెట్టే పిడి. రబ్బరులో గాలం ముళ్ళు దిగబడవు. చేప ఒంటి మీది జిగురు పొర ఊడదు. ఆ జిగురే చేపకు కవచం, అది పోతే రోగాలు పట్టుకుంటాయి. అందుకే వలను ముందు తడపాలి, చేతులు కూడా తడుపుకోవాలి.

అయ్యా, ఆ జిగురు దగ్గరే నాకు కళ్ళు తిరిగాయి. మా అమ్మ చేపను బండ మీద వేసి, బూడిద చల్లి, రాళ్ళ ఉప్పుతో రుద్ది రుద్ది వదిలించేది ఆ జిగురునే. నీచు పోయిందా లేదా అని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మరీ మళ్ళీ రుద్దేది. ఆవిడ కొడుకు అదే జిగురు చెదరకుండా కాపాడటానికి తొంభై డాలర్లు పోశాడు. నర్సాపురంలో ఉన్న నాన్నకు ఫోన్‌లో చెబితే కాసేపు మాట్లాడలేదు. లైన్ కట్ అయిందనుకున్నాను. తర్వాత అడిగారు: "పట్టి వదిలేయడానికి వలెందుకురా?" పుస్తెలమ్మి అయినా పులస తినాలనే చోట పుట్టిన మనిషికి నేనేం జవాబు చెప్పను? ఈ చెరువులో పదహారు నుంచి ఇరవై నాలుగు అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను ఇంటికి తెచ్చుకోకూడదు నాన్నా అన్నాను. "చిన్నది తినొచ్చు, పెద్దది తినొచ్చు, కూరకు సరిపోయేది మాత్రం వదిలేయాలా?" అన్నారు.

ఇక్కడ బాస్‌కు జరిగే మర్యాదలు ఆయనకు పూర్తిగా చెప్పలేదు. 1986లో ఇదే లేక్ ఫోర్క్‌లో పడ్డ 17.67 పౌండ్ల ఆడ బాస్‌కు ఎథెల్ అని పేరు పెట్టి, మిస్సోరీలో ఒక షాపు అక్వేరియంలో ఏళ్ళ తరబడి చూపించారు. పోయినప్పుడు సంతాప సభ కూడా పెట్టారు. 1992లో ఎథెల్ పేరిట ఉన్న టెక్సస్ రికార్డును 18.18 పౌండ్లతో బద్దలుకొట్టిన ఆసామి అసలు బాస్ కోసం రాలేదు. క్రాపీ అనే చిన్న చేప కోసం చిన్న ఎర వేసుకుని కూర్చున్నాడు. నాకు నచ్చిన మనిషి మాత్రం జార్జ్ పెర్రీ. 1932లో జార్జియాలో 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టి, తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్ళి వండించుకుని తిన్నాడు. ప్రపంచ రికార్డును కూర చేసుకున్న ఆ ఒక్కడూ మా గోదావరి మనిషిలా అనిపిస్తాడు.

ఇంకో సంగతి, మీరు బాధపడనంటే చెబుతాను. బాస్‌మాస్టర్ ఎలైట్ సిరీస్ అనే పెద్ద బాస్ పోటీల్లో వల వాడకూడదు. అక్కడ ఆడే మొనగాళ్ళు పడవ అంచున బోర్లా పడుకుని, చేప కింది పెదవిని బొటనవేలితో పట్టి పైకి తీస్తారు. బాస్ నోట్లో గరుకు కాగితంలాంటి సన్నని పళ్ళే ఉంటాయి కాబట్టి వేలు తెగదు. అంటే ఈ ఆటలో అందరికంటే బాగా ఆడేవాళ్ళకు మీరు నిషిద్ధం, నాలాంటివాళ్ళకు మీరు అత్యవసరం. నేనూ వేలితో పట్టేవాణ్ణే. కానీ నోట్లో ఆరు ముళ్ళతో తల విదిలించే చేప దగ్గర వేలు పెట్టాలంటే టెన్షన్.

ఇక అసలు విషయానికి వస్తాను. మార్చి చివరి శనివారం. భీమవరం నుంచి మా బావగారు వచ్చారు. ఆయనకు చేపల చెరువులున్నాయి. పట్టుబడి రోజున కూలీలు చుట్టువల లాగుతుంటే గట్టు మీద గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి. ఒక్కరోజు లైసెన్సు తీసుకుని, స్నేహితుడి పడవలో తీసుకెళ్ళాను. వల ఎలా పట్టాలో చెప్పబోతే, "వలల గురించి నువ్వు నాకు చెప్పేదేంటోయ్" అన్నారు. నిజమే కదా అని ఊరుకున్నాను.

నీళ్ళలో నిలబడ్డ ఎండు చెట్ల మొదళ్ళ దగ్గర, నాచు అంచున, పడింది. గేలపు కర్ర విల్లులా వంగింది. ఒకసారి పైకెగిరి తల విదిలించింది. నోరు చూశాను, చిన్న చెంబు పట్టేంత. వలను ముందే నీళ్ళలో ముంచి ఉంచాలి, చేపను నేను తల ముందుగా అందులోకి నడిపించాలి, ఆయన ఊరికే పైకెత్తాలి. పనంతా ఇంతే. బావగారు మిమ్మల్ని పార పట్టినట్టు రెండు చేతులతో పట్టుకుని, దాని తోక మీద ఒక్క పోటు పొడిచారు. తోక గాలం వచ్చి మీ సంచికి బయటి వైపు పట్టుకుంది. చేప బయట, గాలం వలకు! ముళ్ళు దిగబడవని చెప్పిన రబ్బరులో సరిగ్గా ఒక్క ముల్లు దిగబడింది. ఆ ఆసరా చూసుకుని చేప ఒక్క గింజు గింజుకుని, నోట్లో గాలం ఊడదీసుకుని, నాచులోకి జారింది. క్రాంక్‌బైట్ మీ ఒంటికి జూకాలా వేలాడుతూ మిగిలింది.

"వల చిన్నదోయ్," అన్నారు బావగారు.

అందుకే ఈ ఉత్తరం. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు కదా. బావగారిని ఒక్క మాటంటే సాయంత్రానికల్లా అక్క ఫోన్ వస్తుంది. చెరువును అంటే దాదాపు 27 వేల ఎకరాలు, ఎక్కడని నిలబడి తిట్టను? చిక్కింది మీరు. ఆ రోజు ఆరు పౌండ్లనుకున్న చేప ఇప్పటికి ఎనిమిదయింది. బావగారు భీమవరం చేరాక పదిహేనని చెబుతున్నారట. వలదే తప్పని ఇద్దరం ఒప్పుకున్నాం కాబట్టి బరువు విషయంలో ఒకరినొకరం ప్రశ్నించుకోవడం లేదు.

మా ఆవిడ మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉంది: "చేపా చేపా ఎందుకు పడలేదు? గడ్డి అడ్డమొచ్చిందా?"

ఇట్లు,
మీ ఇంకా కిస్తీలు కడుతున్న యజమాని

తా.క.: నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి మేకు మీద మీరు లేరు. పెరట్లో చూస్తే, బల్ల మీద గుమ్మడి వడియాలు, ఉడతలు రాకుండా వాటి మీద మీరు బోర్లా. వడియాలకు చేప వాసన పట్టదా అని కంగారుగా అడిగాను. "ఇంతవరకూ అందులో ఒక్క చేపైనా పడితేగా," అంది.