గీత తప్పలేదు
సర్రియలిస్టులు (కలల్లో కనిపించేలాంటి వింత బొమ్మలు వేసే చిత్రకారులు) ప్రతిబింబాల లెక్కల్ని గాలికొదిలేశారన్న మాట నాకు నచ్చలేదు. వాళ్లలో ఒకడైన మాగ్రిట్ 1937లో వేసిన బొమ్మలో అద్దం ముందు నిలబడ్డ మనిషికి అద్దంలోనూ తన వీపే కనిపిస్తుంది, కానీ పక్కనున్న పుస్తకం మాత్రం పద్ధతిగా కుడి ఎడమలు తిరగబడే ఉంటుంది. అదొక్కటీ సరిగ్గా ఉండబట్టే ఒళ్లు జలదరిస్తుంది. అదే ఏడాది మరో సర్రియలిస్టు డాలీ వేసిన బొమ్మలో హంసల నీడలు నీళ్లలో ఏనుగులయ్యాయి. అక్కడా అంతే: మెడ వంపు తొండానికి, చెట్ల మొదళ్లు కాళ్లకి కొలిచినట్టు సరిపోతాయి. మాది విజయనగరం. ఓ రోజు పొద్దున్నే గాలి లేనప్పుడు పెద్దచెరువు ఫొటో తీసి, తలకిందులు చేసి మా అమ్మాయికి చూపించాను. ఏది చెట్టో ఏది నీడో చాలాసేపు తేల్చుకోలేకపోయింది. చివరికి పట్టిచ్చింది ఫొటో మూలన నీళ్లు కదిపిన గేదె!