పాఠకుడికి గిట్టుబాటు కూలి

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం మన దేశంలో 1976లోనే వచ్చింది. అది సాహిత్యానికి వర్తించకపోవడం వల్ల ఇంగ్లీషు కథలు చదివేవాళ్లకు ఇప్పటికీ విముక్తి లేదు. ఆధునిక బ్రిటిష్, అమెరికన్ కథాశిల్పమని విమర్శకులు మన్ననగా పిలిచేది, లెక్కలు తీసి చూస్తే, రచయిత చేయాల్సిన పనిని పాఠకుడి నెత్తికెత్తే పద్ధతుల జాబితా. ఏ పద్ధతిలో ఎంత పని చేతులు మారిందో తేల్చి, ఆ మేరకు కూలి ఇప్పించాలన్నది ఈ వ్యాసం డిమాండు.

పంపకం ఎలాగో నిజాయతీగా ఒప్పుకున్నవాడు అమెరికన్ రచయిత హెమింగ్వే. మంచుకొండ ఎనిమిదో వంతే నీటిపైన ఉంటుంది, దాని కదలికకు హుందాతనం అందుకే వచ్చింది అని 1932లో, ఎద్దుల పోరు మీద రాసిన పుస్తకంలో చెప్పాడు. అంటే నీటి కింద ఏడు వంతులూ మనవి. పారితోషికం మాత్రం ఎనిమిదికి ఎనిమిది వంతులూ ఆయన ఖాతాలోనే పడింది.

‘హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్’ (1927) చూడండి. స్పెయిన్‌లో ఒక రైలు స్టేషన్. బార్సిలోనా నుంచి బండి నలభై నిమిషాల్లో వస్తుంది. ఈలోగా ఒక అమెరికన్, ఒక అమ్మాయి బీరు తాగుతూ మాట్లాడుకుంటారు. మాటలన్నీ గర్భస్రావం చుట్టూనే తిరుగుతాయి. ఆ మాట మాత్రం కథలో ఎక్కడా లేదు. చాలా తేలికైన ఆపరేషన్ అని అతను ఒకచోట అంటాడు, ఆ తర్వాత అంతా ‘అది’. ఆ ‘అది’ ఏమిటో, స్టేషన్‌కు ఈ పక్క చెట్టూ నీడా లేకుండా ఆ పక్క నది ఒడ్డున పంటచేలు ఎందుకున్నాయో, సంచుల మీది హోటల్ లేబుళ్లు ఏం సాక్ష్యం చెబుతున్నాయో తేల్చడం పాఠకుడి వాటా. చివర్లో అమ్మాయి, నేను బాగానే ఉన్నాను అంటుంది. ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? దాదాపు వందేళ్లుగా ఎందరో ఆచార్యులకు ఈ ప్రశ్నే బువ్వ పెడుతోంది కాబట్టి, ఉపాధి కల్పన పద్దు కింద ఈ కథకు కొంత రాయితీ ఇవ్వవచ్చు.

అసలు నేరం ‘అన్నాడు’ అనే మూడక్షరాల మాటను కూడా పొదుపు చేయడంలో ఉంది. ఇద్దరి సంభాషణలో నాలుగైదు పంక్తుల దాకా ఆ మాట లేకపోయినా పర్వాలేదు. అది దాటితే ఇద్దరి మాటతీరులో తేడా వినిపించాలి. లేకపోతే పాఠకుడు పంక్తి మీద వేలు పెట్టి వీడు, వాడు, వీడు, వాడు అని లెక్కపెట్టుకోవాల్సిందే. ‘ఎ క్లీన్, వెల్-లైటెడ్ ప్లేస్’ (1933)లో జరిగింది ఇదే. అర్ధరాత్రి దాటిన కేఫ్, ఇద్దరు వెయిటర్లు, కిందటి వారం ఆత్మహత్యకు ప్రయత్నించిన ఒక ముసలాయన. ఇంటికి పోవాలని తొందరపడే కుర్ర వెయిటర్ ఒకడు, ఏ తొందరా లేని పెద్దవాడు ఒకడు. తేడా బాగానే ఉంది, కానీ అది బయటపడక ముందే సంభాషణ మొదలైపోతుంది. మొదటి పంక్తి పలికింది ‘ఒక వెయిటర్’ అని మాత్రమే ఉంటుంది. అక్కణ్నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఒకచోట సరి, బేసి తారుమారై, ఉరితాడు సంగతి చెప్పినవాడే ఎదుటివాడితో ‘నువ్వే చెప్పావుగా’ అన్నట్టు తేలుతుంది. హెమింగ్వే 1961లో పోయాడు. 1965లో ప్రచురణకర్తలు ఒక వాక్యాన్ని ఒక వెయిటర్ నోట్లోంచి తీసి రెండోవాడి నోట్లో పెట్టారు. కాదు, మొదటి పాఠమే సరైనది, ఒకే మనిషి వరుసగా రెండు పంక్తులు మాట్లాడాడు అని వాదించే పండితులూ ఉన్నారు. ఒక్క ‘అన్నాడు’ అచ్చు వేయడానికి ఎంత సిరా అయ్యేది?

మరో అమెరికన్ కథకుడు కార్వర్ దగ్గరికి వస్తే కూలి లెక్క మరీ చిక్కు. 1981లో వచ్చిన ఆయన సంపుటిని మినిమలిజానికి, అంటే అతి తక్కువ మాటల్లో రాయడానికి, మచ్చుతునకగా చూపిస్తారు. ఆ పొదుపులో పెద్ద భాగం ఎడిటర్ గోర్డన్ లిష్ కత్తెరది; మొత్తం మీద రాతప్రతిలో సగానికి సగం పోయింది. పుట్టినరోజు కేకు ఆర్డరిచ్చిన తల్లి, కారు గుద్దిన పిల్లవాడు ఉన్న కథలో మూడింట రెండు వంతులకు పైగా ఎగిరిపోయింది. కార్వర్ రాసినదాంట్లో పిల్లవాడు చనిపోతాడు, తల్లిదండ్రులు బేకరీ అతని దగ్గరికి వెళ్లి కూర్చుని రొట్టె తింటారు. లిష్ వదిలినదాంట్లో ఫోన్ మోగుతుంది, కథ ఆగుతుంది. విస్తరాకు పరిచి, కూరలు మీరే వండుకోండి అన్నట్టు. బిడ్డ బతికాడా లేదా అన్నది పాఠకుడే తేల్చుకోవాలంటే మామూలు కూలి చాలదు, ప్రాణాపాయ భత్యం కలపాలి. కార్వర్ 1983లో పెద్ద కథను మళ్లీ అచ్చు వేసుకున్నాడు. మొత్తం రాతప్రతి పుస్తకంగా 2009లో వచ్చింది. తీసేసిన మాటలకు మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కున్నది ఎవరో చెప్పనక్కర్లేదు.

లండన్ పద్ధతి ఇంకా మర్యాదైనది. న్యూజిలాండ్‌లో పుట్టి లండన్ పత్రికలకు రాసిన మాన్స్‌ఫీల్డ్ ‘మిస్ బ్రిల్’ (1920)లో ‘అని ఆమె అనుకుంది’ని వీలైనంత తీసేసి, ఆమె ఓహోలూ ఆహాలూ మాత్రం ఉంచుతుంది. వాక్యం చూస్తే రచయిత్రిది, లోపలి గొంతు పాత్రది. ఆఖర్న ఆమె బొచ్చు మెడపట్టీని పెట్టెలో పెట్టి మూసేటప్పుడు ఏదో ఏడుస్తున్నట్టు వినిపించిందనిపిస్తుంది. ఎవరు ఏడ్చారో మనం చెప్పాలి. ఇంత నాజూకుగా పని చేయించుకుంటే కూలి అడగడానికి నోరు రాదు, అది వేరే సంగతి.

మధ్యమ పురుష కథనంలో ఆ మొహమాటం లేదు. లోరీ మూర్ 1985 కథల్లో ‘నువ్వు ఇలా చెయ్యి, అలా ఏడువు’ అని ఆజ్ఞలు. పాఠకుడు చదవడమే కాక వేషం కూడా కట్టాలి. జమైకా కింకెయిడ్ ‘గర్ల్’ (1978) అయితే తల్లి చెప్పే సుద్దులన్నీ కలిపి ఒకటే వాక్యం. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి సెమికోలన్లు ఇచ్చింది, అంతవరకు నయం.

ఓ. హెన్రీ పాతకాలపు యజమాని. 1905 నాటి ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై’ కథలో మొదటి ముక్కే ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లు అని చెప్పి, చివర్న చెల్లింపు పూర్తిగా చేశాడు. మన వారపత్రికలు కొసమెరుపు పేరుతో దశాబ్దాల పాటు నడిపినదీ ఆ నగదు పద్ధతే. ఇప్పుడు అది నాటు అయిపోయింది.

కాబట్టి రేట్ల పట్టికలో ఒక జరిమానా కూడా ఉండాలి. తెలిసి వదిలేసినది కథకు బలం, తెలియక వదిలేసినది బోలు అని హెమింగ్వే ఆ ఎద్దుల పోరు పుస్తకంలోనే హెచ్చరించాడు. అనుకరించేవాళ్లు ఆ వాక్యం దాకా చదవరు. పాఠకుడు ఏడు వంతులూ తవ్వి కింద ఏమీ లేదని నిరూపిస్తే రెట్టింపు కూలి, దారి ఖర్చులు రచయితే ఇచ్చుకోవాలి. క్లెయిమ్ ఫారంలో ‘కథ చివర్లో ఏం జరిగింది’ అనే గడి మాత్రం పెట్టవద్దు. అదీ మన చేతే నింపిస్తారు.