కరెంటు తీసేసిన ఆ 'వాడు' ఎవడు?

కరెంటు పోతే మనం 'పోయింది' అని ఊరుకోం, 'తీసేశాడు' అంటాం. వస్తే 'ఇచ్చాడు' అంటాం. నడివేసవి మధ్యాహ్నం ఫ్యాను ఆగగానే ఇంట్లో ఎవరో ఒకరు "అదుగో, తీసేశాడు" అనాల్సిందే. ఆ వాడు ఎవడో, ఎక్కడ కూర్చుంటాడో ఎవరూ చూసిన పాపాన పోలేదు, అయినా మన వ్యాకరణంలో వాడికి కర్త స్థానం ఖాయం. పాతికేళ్ల పైగా ఈ దేశంలో విద్యుత్ చట్టాలకు జరిగిన సంస్కరణలన్నీ ఓపిగ్గా చదివాక నాకు అర్థమైందేమిటంటే, వాటన్నిటి పరమార్థం ఆ కర్త మన చేతికి దొరక్కుండా చేయడమే. ఈ విషయంలో మనం సాధించిన ప్రగతి తక్కువేమీ కాదు.

ఒకప్పుడు వాడు దొరికేవాడు. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం ప్రకారం రాష్ట్రానికో బోర్డు ఉండేది, మనకు 1959లో వచ్చింది. కరెంటు పుట్టించేది అదే, మోసేది అదే, పంచేది అదే, బిల్లు వేసేది అదే, తిట్లు తినేదీ అదే. లెక్క తేలని యూనిట్లన్నీ మీటరు లేని పంపుసెట్ల ఖాతాలో రాసేస్తే సరిపోయేది, దొంగ కొక్కేలు లాగిన కరెంటూ పాత తీగల్లో కాలిపోయిన కరెంటూ అన్నీ కలిపి పాపం రైతే తాగినట్టు తేలేది. ఇది పద్ధతి కాదని ఢిల్లీలో పెద్దలకూ, వాషింగ్టన్‌లో అప్పిచ్చే పెద్దలకూ ఒకేసారి తోచింది. తోచడం న్యాయమే, బోర్డుల పుస్తకాలు నిజంగానే అలా ఉండేవి. కానీ పుస్తకం బాగాలేదని దాన్ని పదకొండు ముక్కలు చేసి పదకొండు మందికి పంచితే చదవడం తేలికవుతుందన్న ఆలోచన ఎవరిదో, వారికి నా నమస్కారం.

ముందు ఒడిశా చేసింది. 1995లో చట్టం, మరుసటి ఏడాది అమలు, 1999లో పంపిణీ సంస్థల అమ్మకం. కొన్నవాళ్లలో ఒక అమెరికా కంపెనీ ఉంది. ఆ ఏడాదే అక్టోబరులో సూపర్ సైక్లోన్ వచ్చి స్తంభాలన్నీ పడుకోబెట్టింది, 2001 కల్లా ఆ కంపెనీ సర్దుకుని వెళ్లిపోయింది. ఇంత చక్కటి అనుభవం పక్క రాష్ట్రంలోనే కళ్లముందు తయారవుతుంటే మనం ఎందుకు వెనకబడాలి? 1998లో మన సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు పోయి కరెంటు పుట్టించడానికి జెన్‌కో, మోయడానికి ట్రాన్స్‌కో వచ్చాయి, 2000లో ట్రాన్స్‌కోలోంచి పంచడానికి నాలుగు డిస్కంలు వచ్చాయి, వీటన్నిటి మీదా ఒక నియంత్రణ మండలి, అదే కమిషన్. ఒకటి ఏడయింది. రాష్ట్రం విడిపోయాక పది, 2019లో విజయవాడ కేంద్రంగా ఇంకో డిస్కం పెట్టాక పదకొండు. స్తంభాలు అవే, తీగలు అవే, ఎక్కే లైన్‌మన్ కూడా చాలాకాలం ఆయనే. మారింది బోర్డు మీద బోర్డు.

ఇక్కడ ఒక్క మాట వ్యంగ్యం లేకుండా చెప్పాలి. ఈ సంస్కరణల తర్వాత వచ్చిన మొదటి చార్జీల పెంపు మీద ఆందోళన చేస్తున్న జనం పైన 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. దాని మీద నాకు జోకు రాదు.

సరే, తర్వాత 2003 వచ్చింది, దేశమంతటికీ ఒకే కొత్త చట్టం, 185 సెక్షన్లు. మంచి చట్టం, నేను వెటకారానికి అనడం లేదు. ఉత్పత్తికి లైసెన్సు అక్కర్లేదంది, పెద్ద వాడకందారు ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చంది, ధర ప్రభుత్వం కాదు స్వతంత్ర కమిషన్ నిర్ణయిస్తుందంది. అయితే కమిషన్ ప్రజాప్రయోజనం ఉన్న విధాన విషయాల్లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఆదేశాలను అనుసరించాలని 108వ సెక్షన్ అంటుంది. ప్రజాప్రయోజనమంటే ఏమిటనే పేచీ వస్తే ప్రభుత్వం మాటే ఫైనల్ అని కూడా అదే సెక్షన్ అంటుంది. అంటే కమిషన్ పూర్తి స్వతంత్రం, మా ఇంట్లో నేను స్వతంత్రంగా ఉన్నంత.

65వ సెక్షన్ ఇంకా ముచ్చటైనది. ప్రభుత్వం ఎవరికైనా తక్కువ ధరకో ఉచితంగానో కరెంటు ఇవ్వాలనుకుంటే ఆ డబ్బు డిస్కంకి ముందుగా కట్టాలి. ముందుగా! ఈ పదం చట్టంలో ఇరవై ఏళ్లకు పైగా అలాగే మెరుస్తోంది. డిస్కంలు ఆ డబ్బు కోసం ఎదురుచూస్తూ అప్పు చేస్తాయి, అప్పు పెరిగితే కేంద్రం దానికో పేరు పెట్టి పథకం తెస్తుంది (2015లో పెట్టిన పేరు ఉదయ్, అప్పటికి తెల్లారిందనుకున్నాం), మళ్లీ అప్పు పెరుగుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, లెక్కల భాష ఒక ఎత్తు. డిస్కంకి రావాల్సిన సొమ్ము చార్జీల్లో ఇప్పుడే వసూలు చేస్తే జనం గొడవ చేస్తారని కమిషన్ తర్వాతికి వాయిదా వేస్తుంది చూడండి, దాన్ని ఏమంటారో తెలుసా? రెగ్యులేటరీ ఆస్తి. ఆస్తి! మీరూ నేనూ ఎప్పటికైనా వడ్డీతో సహా కట్టాల్సిన బాకీ, వాళ్ల పుస్తకంలో ఆస్తి. ఇవి గుట్టలుగా పడి ఉన్నాయని చూసి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు పాతవన్నీ ఏడేళ్లలో తేల్చేయమంది, ఆ ఏడేళ్ల లెక్క 2024 ఏప్రిల్ నుంచే మొదలు. తేల్చడమంటే ఎవరి బిల్లులో తేలుతుందో ప్రత్యేకంగా చెప్పాలా? పాత ఖర్చుల తేడాకి ట్రూ అప్ అని ఒక లైను, ఇంధనం ధర తేడాకి ఇంధన సర్దుబాటు అని ఒక లైను. మూడేళ్ల క్రితం ఉండి ఖాళీ చేసి వెళ్లిన అద్దె మనిషి తిప్పిన ఏసీకి ఈ నెల మీరు కడతారు. అధికార వికేంద్రీకరణ సంగతేమో గానీ, బిల్లు వికేంద్రీకరణలో మనకు సాటి లేదు.

ఇంతలో తీగల సంగతి చూడండి. చట్టాలు ముక్కలు చేస్తూ పోతుంటే తీగలు కలుస్తూ పోయాయి. 2012 జులై 30న ఉత్తరాది గ్రిడ్, అంటే అక్కడి రాష్ట్రాలన్నిటినీ కలిపే తీగల వల, కుప్పకూలింది, మర్నాడు మళ్లీ ఉత్తరం, తూర్పు, ఈశాన్యం కలిసి పడ్డాయి, అరవై కోట్ల పైచిలుకు జనం చీకట్లో. ఎవరు ఎక్కువ లాగారని రాష్ట్రాలు ఒకరి మీద ఒకరు వేలు చూపించుకున్నారు. దక్షిణాది అప్పటికి అందులో పూర్తిగా కలవలేదు కాబట్టి మనం బతికిపోయాం. అది కళ్లారా చూశాక మనం నేర్చుకున్న పాఠమేమిటంటే, 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను మీదుగా వెళ్లి వాళ్లతో కలిసిపోవడం. (ఇంజనీర్లు దీనికి మంచి కారణాలు చెబుతారు, కరెంటు కొరతున్న చోటికి పారుతుందని, చవకవుతుందని. నిజమే. నిజమైతే మాత్రం వ్యాసం ఆపుతామా?)

ఇక వికేంద్రీకరణ అంటే ఏమిటో నిజంగా చూడాలనుకునేవాళ్లు ఏ విదేశానికీ పోనక్కర్లేదు. సిరిసిల్ల పోతే చాలు. అక్కడ 1970 నుంచి సహకార విద్యుత్ సంఘం ఉంది, అందరూ 'సెస్' అంటారు. వాడకందారులే సభ్యులు, డైరెక్టర్లను వాళ్లే ఓట్లేసి ఎన్నుకుంటారు. కరెంటు తీసేసిన వాడు ఎవడో కాదు, వీళ్లు ఓటేసినవాడే. 2003 చట్టం ఐదో సెక్షన్ కూడా పల్లెల్లో పంచాయతీలకూ సహకార సంఘాలకూ పంపిణీ అప్పగించే విధానం ఉండాలంది. ఆ తర్వాత ఊరూరా సిరిసిల్లలు మొలిచాయా? మొలవలేదు. వికేంద్రీకరణ చేస్తే చేశాం గానీ, మరీ జనం దాకా వెళితే ఎట్లా?

జనం దాకా వెళ్లింది సోలార్ ఒక్కటే. మా వీధిలో ఒకాయన మేడ మీద మూడు కిలోవాట్ల పలకలు వేయించాడు, సబ్సిడీ 78 వేలు వచ్చింది. "ఇక నేనే జెన్‌కో, నేనే డిస్కం" అని మీసం తిప్పాడు. మొదటిసారి వీధిలో కరెంటు పోగానే మిట్టమధ్యాహ్నం, నెత్తిన సూర్యుడు నిప్పులు కక్కుతుండగా, ఆయన ఇంట్లో కూడా ఫ్యాను ఆగింది. గ్రిడ్‌కి కట్టిన సోలార్ ఇన్వర్టర్, గ్రిడ్ లేనప్పుడు తనంతట తానే ఆగిపోతుంది, లేకపోతే జంపరు సరిచేయడానికి స్తంభం ఎక్కిన మనిషి ఆయన మేడ కరెంటుకి బలైపోతాడు. నిబంధన సబబే. కానీ ఆయన ముఖం చూడాల్సింది. తన సొంత కరెంటును కూడా 'వాడే' తీసేశాడు!

ఇప్పుడు ఆ 2003 చట్టానికి సవరణ బిల్లులు. 2014లో ఒకటి, 2018లో ముసాయిదా, 2020లో ఇంకో ముసాయిదా, 2022లో లోక్‌సభ దాకా వెళ్లి స్థాయీసంఘానికి వెళ్లింది, 2025 అక్టోబరులో మరో ముసాయిదా. ఈ మధ్య వాటిలో కనిపించే పెద్ద ఆలోచన, ఒకే ప్రాంతంలో ఒకే తీగల మీద ఇద్దరు ముగ్గురు సరఫరాదారులు. సెల్‌ఫోను కంపెనీల్లా మనకు నచ్చినవాడిని ఎంచుకోవచ్చు. తీగ ఒకటే, ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే, కాబట్టి ఫ్యూజు పోతే అందరికీ ఒకేసారి పోతుంది. ఎంపిక స్వేచ్ఛ ఎక్కడుందంటే, ఎవడు తీసేశాడో మనమే ఎంచుకోవచ్చు. ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఏ దేశంలో ఉంది చెప్పండి.

నా వంతుగా 186వ సెక్షన్ ఒకటి రాసి పెట్టాను. 'ఇకపై వినియోగదారులెవరూ తీసేశాడు అనరాదు, సరఫరాకు అంతరాయం కలిగినది అని మాత్రమే అనవలెను.' కర్త ఉండడు, పేచీ ఉండదు, పదకొండు సంస్థలకూ సమాన న్యాయం.

మొన్న కరెంటు పోయినప్పుడు ఇదంతా మా అమ్మకు వివరించాను. ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేస్తే సబ్‌స్టేషన్‌ని అడగమన్నారు, సబ్‌స్టేషన్‌లో "పై నుంచి తీశారండి" అన్నారు, పై అంటే ట్రాన్స్‌కో కావచ్చు, ఎటు ఎంత కరెంటు పోవాలో చూసే రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్ కావచ్చు, బెంగళూరులో ప్రాంతీయ సెంటర్ కావచ్చు, ఢిల్లీలో జాతీయ సెంటర్ కావచ్చు, ఢిల్లీని అడిగితే విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉంది, పంపిణీ రాష్ట్రానిది అంటారు, రాష్ట్రాన్ని అడిగితే మళ్లీ 1912. అమ్మ విసనకర్ర ఊపుకుంటూ మొత్తం వింది. "అంతా బాగానే ఉంది గానీ నాన్నా," అంది, "మళ్లీ ఎప్పుడిస్తాడట?"