హంద్రీ ఒడ్డు నుంచి గట్టు మీదికి ఎంత దూరం?

కర్నూలు పాతబస్తీ దగ్గర, హంద్రీ ఒడ్డున ఒక రేకుల ఇల్లు. 2009 అక్టోబర్‌లో వరద ఎందాక వచ్చిందో ఇంటావిడ గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. చెయ్యి ఆమె తలకంటే పైనే ఉంది. 'గట్టు మీద ఇల్లిస్తే పోతావా అమ్మా?' అన్నాను. నవ్వింది. 'ఆడ్నించి పొద్దున్నే పనికి యట్ల రావాల సార్? నాలుగిండ్లల్లో అంట్లు తోమితే వచ్చేది ఆటోకే పాయె.'

ఊరవతల జగన్నాథగట్టు మీద ప్రభుత్వం పట్టణ పేదల కోసం కట్టిన టిడ్కో ఇళ్ల గురించి ఇంతకంటే పెద్ద విమర్శ నేను వినలేదు. 300, 365, 430 చదరపు అడుగులు అంటూ కొలతలు పక్కాగానే వేశారు. ఎవరు కట్టారు, ఎవరు రంగేశారు అన్న తగువూ ఘనంగానే నడిచింది. రోజూ రానూపోనూ ఆటో చార్జీ మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కలేదు. ఊరవతల భూమి చవక కాబట్టి అక్కడ కడతారు. ప్రభుత్వానికి మిగిలిన ఆ సొమ్మును పాచిపని చేసే మనిషి రోజుకింత చొప్పున కడుతుంది.

ఇది మన దగ్గర పుట్టిన తప్పు కాదు. లండన్‌లో ఓల్డ్ నికల్ అనే పేదల పేటను కూల్చి, 1900 నాటికి బౌండరీ స్ట్రీట్ ఎస్టేట్ కట్టారు. కట్టడం దివ్యంగా ఉంది, అద్దె కూడా అలాగే ఉంది. ఖాళీ చేయించిన 5,700 మందికి పైగా జనంలో కొత్త ఇళ్లలోకి వచ్చింది 11 మంది. మిగతావాళ్లు చుట్టుపక్కల సందుల్లో ఇరుక్కున్నారు.

కర్నూలు రాజధాని హోదా పోగొట్టుకున్న 1956లోనే కేంద్రం మురికివాడల చట్టం చేసింది. పేరులోనే మెరుగుదల, తొలగింపు రెండూ ఉన్నాయి. 1972లో ఉన్నచోటే కుళాయి, కాలువ, వీధి దీపం, మరుగుదొడ్డి ఇచ్చే పథకం వచ్చింది. చిన్నదే, కానీ నా దృష్టిలో తెలివైనది. తర్వాత పేదల ఇళ్లకు కేంద్ర పథకాలు వాంబే, జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం, 2015లో పీఎంఏవై... పేర్లు పెరిగాయి, ఇళ్లు ఊరికి దూరం జరిగాయి. బొంబాయి పేవ్‌మెంట్ వాసుల కేసులో 1985లోనే సుప్రీంకోర్టు జీవించే హక్కులో బతుకుతెరువు హక్కు కూడా ఉందంది. అయినా ఖాళీ చేయించడాన్ని మాత్రం ఆపలేదు.

అలాగని నది ముంచే చోట మనుషుల్ని వదిలేయమని నేననను. ఊళ్లోనే పనికి నడిచిపోయే దూరంలో, కొద్దికొద్దిగానైనా స్థలం వెతకమంటున్నాను.

వానలు పడి తుంగభద్రకు నీళ్లొస్తున్నాయంటే చాలు, ఆమె రేషన్ కార్డు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి దూలానికి కడుతుంది. మేం మాట్లాడిన రోజు కూడా ఆ సంచి పైనే వేలాడుతోంది.