క్రిస్టియన్ డెమోక్రసీ గారికి గుంటూరు లూథరన్ వ్రాయునది

మహారాజశ్రీ క్రిస్టియన్ డెమోక్రసీ గారి దివ్యసముఖానికి,

తమరు, తమ పేరు మీదే నడిచే జర్మనీ వారసులు సీడీయూ పార్టీ వారు, బవేరియా రాష్ట్రంలోని తమ్ముళ్ళు సీఎస్‌యూ పార్టీ వారు అందరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను అంత క్షేమంగా ఏమీ లేను.

ఇవాళ సెలవు పెట్టి జర్మనీలో నేనుంటున్న ఊరి పౌరసత్వం ఆఫీసుకి వెళ్ళాను. మూడేళ్ళకే జర్మన్ పౌరసత్వం ఇచ్చే దారి మూసేశారని తెలుసు. కానీ పోయినేడు ఇదే కౌంటర్లో "సీ1 (జర్మన్ భాషలో పై స్థాయి పరీక్ష) పాసై రండి, అయిపోతుంది" అన్నారు కదా, ఏదైనా వెసులుబాటు ఉంటుందేమోనని ఆశ. మధ్యాహ్నమంతా టోకెన్ పట్టుకుని కూర్చున్నాక కౌంటర్లో ఆవిడ నా ఫైలు తెరిచింది. సీ1 సర్టిఫికెట్, జీతం కాగితాలు, వాలంటీర్ అగ్నిమాపక దళం వాళ్ళిచ్చిన ఉత్తరం, ఒక్కొక్కటే తిప్పి "చాలా బాగున్నాయండీ" అని మెచ్చుకుంది. మెచ్చుకుని, ఫైలు మూసి, నా వైపు తోసింది. "ఐదేళ్ళు నిండాక రండి. దానికి బీ1 (మధ్య స్థాయి) చాలు."

బీ1 చాలట! రాత్రి పదకొండింటికి పాపని నిద్రపుచ్చి, వంటింట్లో కూర్చుని నేను బట్టీ పట్టిన వ్యాకరణం ఎవరికివ్వాలి?

2024లో వచ్చిన ఆ చట్టం ఎవరికీ దానంగా ఏమీ ఇవ్వలేదు. సీ1 జర్మన్ రావాలి, ఉద్యోగంలోనో చదువులోనో సేవలోనో ప్రత్యేకంగా రాణించి చూపించాలి, అప్పుడు మూడేళ్ళు. మీరు దానికి 'టర్బో' అని పేరు పెట్టి వెక్కిరించి, 2025 అక్టోబర్ 8న ఎత్తేశారు. ఆ చట్టం తెచ్చిన ఎస్‌పీడీ (సోషల్ డెమోక్రాట్లు) వారే మీ పక్కన కూర్చుని మరీ చేతులెత్తారు. వాళ్ళకి విడిగా రాస్తాను.

కష్టపడ్డవాడికి ఫలితం దక్కాలని ప్రతి ఎన్నికల సభలో చెప్పేది మీరే కదండీ? తీరా చూస్తే కష్టాన్ని కొలిచే దారిని మూసి, రోజులు లెక్కపెట్టే దారిని ఉంచారు. మా కాలేజీలోనూ ఇంతే, ర్యాంకు వచ్చినా సరే, అటెండెన్స్ లేకపోతే పరీక్షకి కూర్చోనిచ్చేవారు కాదు. అయితే మా ప్రిన్సిపాల్ గారు తన పేరు ముందు క్రీస్తు పేరు పెట్టుకోలేదు.

ఆ పేరు గురించే నా బాధంతా. గుంటూరు సండే స్కూల్లో ద్రాక్షతోట కథ చెప్పేవారు. పొద్దున్నే వచ్చిన కూలీలకీ, సాయంత్రం పొద్దుగుంకబోయే వేళకి వచ్చినవాళ్ళకీ యజమాని ఒకటే దేనారం కూలి ఇచ్చాడు. ముందొచ్చినవాళ్ళు సణిగితే నోరు మూయించాడు. ఆ సణిగినవాళ్ళంతా తర్వాత ఒక పార్టీ పెట్టుకున్నారని మాత్రం మాకు చెప్పలేదు. మీ జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టిన లూథరన్ మిషనరీ హేయర్ గారు అమెరికా మీదుగా 1842లో గుంటూరు వచ్చారు. ఆయన్ని తెలుగులో సీ1 అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

తొందర పనికిరాదంటారు. సరే. 2025 ఫిబ్రవరి 23న ఎన్నికలు. సర్కారు అప్పులకి రాజ్యాంగం పెట్టిన రుణ పరిమితిని కాపాడతామన్నది మీ మాట. మార్చి 18న, కొత్త పార్లమెంటు సభ ఇంకా కొలువుదీరకముందే, గడువు తీరిపోతున్న పాత సభలో రాజ్యాంగం సవరించి 50,000 కోట్ల యూరోల అప్పుకి దారి వేశారు. నెల కూడా తిరగలేదు. టర్బో అంటే అదీ, సీడీయూ నాయకులు మెర్జ్ గారూ.

పాత లెక్కలు కూడా ఉన్నాయి. 2000లో అప్పటి ఎస్‌పీడీ ఛాన్సలర్ ష్రోడర్ విదేశీ ఐటీ వాళ్ళకి గ్రీన్ కార్డ్ ఇస్తానంటే, నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో మీ నాయకుడు యూర్గెన్ రుట్‌గర్స్ ఇండియన్లకి బదులు పిల్లలు కావాలని నినాదం ఎత్తుకున్నారు. అప్పుడు రాష్ట్ర ఎన్నికల్లో ఓడారు. ఐదేళ్ళకి అక్కడే ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పిల్లలు మాత్రం ఇంకా చాలినంతమంది పుట్టినట్టు లేరు, మమ్మల్ని రమ్మంటూనే ఉన్నారు.

అయినా మిమ్మల్ని మనసారా తిట్టబోతే నోరు రాదు. మీ సీడీయూ తొలి ఛాన్సలర్ ఆడెనావర్ కాలంలో మూడో బిడ్డతో మొదలుపెట్టిన కిండర్‌గెల్డ్ (పిల్లల భత్యం), 2025లో మా ఒక్కగానొక్క పాపకి కూడా నెలకి 255 యూరోలు వచ్చింది. తండ్రి పాస్‌పోర్టు రంగు చూసి తగ్గించలేదు. పాపకి నూట రెండు జ్వరం వచ్చిన రాత్రి ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ కార్డు తప్ప ఇంకేమీ అడగలేదు. ఇందులో మీ చెయ్యి ఎంతో కొంత ఉందని నాకు తెలుసు. అందుకే కోపం ఇంకా ఎక్కువ.

పని చేసేవాడి చందాతోనే ముసలివాళ్ళ పింఛను పెంచుకుంటూ పోయే ఏర్పాటు 1957లో ఆడెనావర్ గారు తెచ్చారు. అదే ఏడాది 'ప్రయోగాలు వద్దు' అంటూ 50.2 శాతం ఓట్లు కొట్టారు. నా జీతంలోంచి ఆ పింఛనుకి 9.3 శాతం మొదటి నెల నుంచే కోస్తున్నారు. అప్పుడు మాత్రం "నువ్వింకా మాలో కలవలేదు, ఐదేళ్ళాగు" అని ఒక్కరైనా అన్నారా? నా డబ్బుకి జర్మన్ ఏ స్థాయి వచ్చో అడిగారా?

ఐదేళ్ళూ నిండనిస్తాను, ఏం చేస్తాను? ఈలోపు మునుపటిలా ఎనిమిది చేసే ఆలోచన ఏమన్నా ఉంటే ముందుగా కబురు పెట్టండి. ఆ మూడేళ్ళూ 9.3 శాతం నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇట్లు,
తమ ఓటరు కాకపోయినా తమ ఓటర్ల పింఛను కడుతున్న,
ఒక గుంటూరు వాడు