మూడు లాంతర్ల ఊరి నుంచి ఫైటోక్రోమ్ ఏ గారికి

మహారాజశ్రీ ఫైటోక్రోమ్ ఏ గారి దివ్యసముఖమునకు,

మొక్క కణాల్లో కూర్చుని వెలుగుని పసిగట్టే ప్రోటీన్ తమరు. తమకి విజయనగరం చీకటిగది నుంచి నమస్కారాలు. ఇచ్చట అందరూ క్షేమం, ఆవ మొలకలు తప్ప.

జరిగింది తమకు తెలియంది కాదు. పెట్రి ప్లేటులో 1 శాతం అగర్, దాని మీద 30 గింజలు, రెండు చుట్లు అల్యూమినియం ఫాయిల్, నల్లగుడ్డ, అట్టపెట్టె, తలుపు సందులకి నల్లటేపు. మూడు రోజుల చీకటి. పొడవు కొలిచి మళ్ళీ మూసేద్దామని ఫాయిల్ విప్పారో లేదో, ఎవరి జేబులోనో సెల్లు మోగింది. ఆపడానికి బయటికి తీస్తే తెర వెలుగు, రెండంటే రెండు సెకన్లు. తెల్లారి చూస్తే మెడ వంచుకుని ఉండాల్సిన మొలకలు తలెత్తడం మొదలెట్టాయి. మూసుకుని ఉండాల్సిన బీజదళాలు విడుతున్నాయి.

అంత తొందరేటి సార్? రమ్మన్నదెవరు? తమ సోదరులు ఫైటోక్రోమ్ బి గారు మర్యాదస్తులు. 660 నానోమీటర్ల ఎర్రకాంతి పడితే, సైటోప్లాజం వరండాలోంచి లేచి కేంద్రకంలో కుదురుకోడానికి గంటలు తీసుకుంటారు. వెంటనే 730, అంటే దూర ఎరుపు, చూపిస్తే మనసు మార్చుకుంటారు. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ వాళ్ళు లెట్యూస్ గింజలకి ఈ రెండు కాంతుల్నీ మార్చి మార్చి చూపించారు. చివర పడింది ఎరుపైతే మొలిచాయి, దూర ఎరుపైతే మానేశాయి. తమకో? 730 కూడా శుభలేఖే! వెలుగు పడిందా, నిమిషాల్లో లోపల. చేసిన తప్పు దిద్దుకునే దారైనా ఉంచలేదు.

పోనీ సొంతకాళ్ళ మీద వెళ్తారా? కేంద్రకం గుమ్మం దాటే చీటీయే తమ దగ్గర లేదు. సిరిమాను నాడు తెలిసినోడి భుజం పట్టుకుని జనంలోకి దూరినట్టు, ఎఫ్‌హెచ్‌వై1నో ఎఫ్‌హెచ్‌ఎల్‌నో, అంటే లోపలికి మోసుకెళ్ళే ప్రోటీన్లని, పట్టుకుని దూరతారు. లోపల దూర ఎరుపు తగిలి, చీకట్లో ఉన్నప్పటి పాత రూపానికొస్తే పట్టు వదులుతారు, తెచ్చినోడు ఇంకొకర్ని తేవడానికి వరండాకి పరుగు. ఆ కాంతిలో తమకంత హుషారు అందుకే.

రాకపోకలు కళ్ళారా చూద్దామంటే జీఎఫ్‌పీ అనే పచ్చగా మెరిసే ప్రోటీన్ తోక తగిలించి 488 నానోమీటర్ల నీలి లేజర్ వెయ్యాలి. చూసే వెలుగుకే కదిలిపోతే ఇంక చూసేదేటి? చీకట్లోనే మొలకని ఫార్మాల్డిహైడ్‌తో ఎక్కడివక్కడ బిగించి, ఆ తర్వాతే సూక్ష్మదర్శిని కిందకి.

ఆకుపచ్చ సెల్లోఫేన్ చుట్టిన పాత బల్బుని మొలకకి తెలియని రక్షణ దీపం అనేవాళ్ళకి వేరే ఉత్తరం రాస్తాం. అది దూర ఎరుపుని హాయిగా వదిలేసే జల్లెడ. మసక ఆకుపచ్చ ఎల్‌ఈడీ అయినా కొన్ని సెకన్ల వరకే. కరెంటు పోతే సంబరపడే గది జిల్లాలో మాదొక్కటే.

ఇంత హడావిడీ చేసి నువ్వు వెలగబెట్టేదేటి? ఎర్రకాంతిలో కాసేపుంటే అయిపోతావు. చీకట్లో పోగైన సరుకంతా గంటల్లో ఖాళీ. మిగతా సంసారం బి గారి నెత్తిన. దీనికోసమా మా మూడ్రోజులూ తగలేశావు?

సరేలే. నాగలి పెళ్ళ తిరగేసిన ఆ చిటికెలో పడ్డ వెలుతురుకే మట్టిలోని గింజ లేస్తోందంటే, అది నీ చలవే. లేచేది కలుపు గింజయినా సరే.

మళ్ళీ ఆవాలు నానేశాం. గురువారం దాకా వరండాలోనే కూర్చో. సెల్లులన్నీ మెట్ల మీద స్టీలు డబ్బాలో ఉన్నాయి, మూతేసి.

ఇట్లు,
చీకటిగది కాపలాదార్లు