ఆగని షట్‌డౌన్

నిన్న మీటింగ్‌లో నా స్క్రీన్ షేర్ చేసి ఉంది. ప్రింటర్ కనపడదు, ఎక్సెల్ కదలదు. ఐటీ కుర్రాడిని కాల్‌లోకి లాగారు.

"సార్, రీస్టార్ట్ ఎప్పుడు కొట్టారు?"

"రోజూ రాత్రి షట్‌డౌన్ చేశాకే పడుకుంటానయ్యా" అన్నాను కాస్త గర్వంగానే. అబద్ధం కాదు. గ్యాస్ కట్టేయడం, తలుపు గడియ, లాప్‌టాప్ షట్‌డౌన్, ఈ మూడూ అయితేగానీ నాకు నిద్ర పట్టదు. ఊరికే మూత దించేసి వెళ్లిపోయే మా ఆవిడకి ఈ విషయంలో నేను పీకిన క్లాసులకి లెక్కలేదు.

అతను మాట్లాడకుండా టాస్క్ మేనేజర్ తెరిచాడు. సీపీయూ గ్రాఫ్ కింద అప్ టైమ్: 23:04:17:36.

"ఇరవై మూడు రోజుల నుంచి ఆన్‌లోనే ఉంది సార్."

పదకొండు మంది చూస్తున్నారు. 37. 38. మీటరు వేసిన ఆటోలా అది తిరుగుతూనే ఉంది. ఈ ఇరవై మూడు రోజుల్లో మూడు రోజులు నేను పెళ్లికని కాకినాడలో ఉన్నాను, ఇది బీరువాలో చీరల కింద ఉంది. అక్కడ కూడా లెక్క వేసుకుందన్నమాట! 44. ఎవరో దగ్గారు. మేనేజర్ గారు "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"లో నా గత మూడేళ్ల స్టేటస్ రిపోర్టుల మీద కూడా అనుమానం వినిపించింది. 51.

రీస్టార్ట్ కొట్టగానే అన్నీ బాగుపడ్డాయి. అదో మంట.

తర్వాత చాట్‌లో తీరిగ్గా చెప్పాడు: "అది ఫాస్ట్ స్టార్టప్ లెండి సార్." 2012లో విండోస్ 8తో వచ్చిందట. షట్‌డౌన్ అంటే మన ప్రోగ్రాములు మూసేసి, విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌నీ, ప్రింటర్ లాంటివాటిని నడిపించే డ్రైవర్లనే ప్రోగ్రాముల్నీ మాత్రం డిస్కు మీద ఒక ఫైల్లో దాచిపెడుతుంది. పొద్దున దాన్నే లేపుతుంది కాబట్టి చకచకా ఆన్ అవుతుంది, నిన్నటి తిక్కతో సహా. రీస్టార్ట్ కొడితేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. ఆగమంటే ఆగదు, మళ్లీ మొదలవమంటే పూర్తిగా ఆగుతుంది! నిజంగా ఆగాలంటే షిఫ్ట్ నొక్కిపెట్టి షట్‌డౌన్ కొట్టాలట.

"ఈ ముక్క ఆ పదకొండు మంది ముందు చెప్పి ఉండొచ్చుగా?"

"టైమ్ లేదు సార్, టికెట్ క్లోజ్ చేయాలి."

చేశాడు. రిమార్క్స్‌లో "యూజర్ ఎడ్యుకేటెడ్" అని రాశాడు.

నేను ఎం.కాం. చదివాను.